లేఆఫ్ అయ్యాక ఎవరిని, ఏమని అడగాలి: నా అనుభవం

లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు చాలామందిమి చేసే పని ఒకటే. రెజ్యూమె తెరిచి, చివరి కంపెనీ పక్కన ముగింపు తేదీ వేసి, కంటికి కనిపించిన ప్రతి ప్రకటనకూ అప్లై కొట్టేయడం. మొదటి వారం నేనూ అదే చేశాను. ఆ తొందరలో ఉన్న నష్టం తర్వాత తెలిసింది. చాలా కంపెనీలు దరఖాస్తుల కోసం వాడే సాఫ్ట్‌వేర్‌లో మన పేరు మొదట ఏ దారిన వచ్చిందో అదే రికార్డవుతుంది. మనమే నేరుగా అప్లై చేసేశాక ఆ కంపెనీలో పనిచేసే మనిషి మన పేరు సిఫారసు చేయబోతే, అంటే రిఫర్ చేయబోతే, ‘ఈ అభ్యర్థి ఇప్పటికే ఉన్నారు’ అని చూపిస్తుంది. ఆ రిఫరల్ చాలాసార్లు లెక్కలోకే రాదు. అందుకే నిజంగా చేరాలనుకునే పది పదిహేను కంపెనీల పేర్లు ముందే ఒక కాగితం మీద రాసుకుని, వాటికి మాత్రం చేయి ఆపుకోవాలి. అక్కడ మనకు తెలిసినవాళ్లు గానీ, వాళ్లకు తెలిసినవాళ్లు గానీ ఉన్నారేమో రెండు మూడు రోజులు వెతకాలి. ఎవరూ దొరక్కపోతే అప్పుడు నేరుగా అప్లై చేయొచ్చు. ప్రకటన పడిన మొదటి వారం దాటకుండా చూసుకుంటే చాలు.

మొదటి రెండు రోజులు కాగితాలకే కేటాయించండి. అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్, చివరి నెలల పే స్లిప్పులు, సెటిల్‌మెంట్ లెక్క, ఆరోగ్య బీమా ఏ తేదీ వరకు ఉంటుందో రాతపూర్వకంగా. సంతకం పెట్టమని ఇచ్చిన ఒప్పందాన్ని అక్కడికక్కడే సంతకం చేయకుండా, చదువుకోవడానికి గడువు అడగాలి. కంపెనీ ఫైళ్లు, కోడ్, కస్టమర్ల వివరాలు ఒక్కటీ కాపీ చేయొద్దు. అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్లతో మన మాటలన్నీ ఆఫీసు చాట్‌లోనే నడుస్తాయి. అకౌంట్ మూసేసిన నిమిషంలో వాళ్లంతా చేజారిపోతారు. సొంత ఫోన్ నంబర్లు అడిగి తీసుకోవాల్సింది అకౌంట్ పనిచేస్తున్నప్పుడే.

ఇక అసలు పని, పరిచయస్తుల జాబితా. స్ప్రెడ్‌షీట్ ఒకటి తెరిచి 60 నుంచి 80 పేర్లు రాయండి. ఇరవై దగ్గర చేయి ఆగిపోతుంది. అక్కడి నుంచి పేర్లు గుర్తు చేసుకోవడానికి ఒక దారి ఉంది. పనిచేసిన ఒక్కో ప్రాజెక్టునూ తలుచుకుని, మీటింగుల్లో అవతలి వైపు ఎవరు కూర్చునేవాళ్లో ఆలోచించాలి. వేరే టీమ్ వాళ్లు, వెండర్ తరఫు మనుషులు, క్లయింట్ దగ్గర రోజూ మాట్లాడినవాళ్లు, మనకంటే ముందే కంపెనీ మారిపోయినవాళ్లు, మనం పని నేర్పిన జూనియర్లు, కాలేజీలో వేరే సెక్షన్ వాళ్లు. జూనియర్లని తక్కువగా చూడకండి. నాలుగైదేళ్లు గడిచేసరికి వాళ్లలో కొందరు నలుగురిని తీసుకునే స్థానంలో ఉంటారు, పని నేర్పినవాళ్లని మరిచిపోరు.

ఈ దూరపు పేర్ల మీద ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ శివారులో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను అడిగి తెలుసుకున్న వివరాలను 1973లో ప్రచురించాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం సంగతి తెలిసినవాళ్లలో నూటికి దాదాపు 17 మందికి మాత్రమే ఆ కబురు తరచూ కలిసే మనిషి నుంచి వచ్చింది. 56 మందికి అప్పుడప్పుడూ కలిసేవాళ్ల నుంచి, 28 మందికి ఏడాదికి ఒకసారి కూడా కలుస్తారో లేదో అన్నవాళ్ల నుంచి వచ్చింది. ఆయన అడిగింది కొద్దిమందినే. అయితే 2022లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మందిని ఐదేళ్ల పాటు చూసి, అదే మాటను కొంచెం సవరించి చెప్పింది. మరీ ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు, మరీ ఆప్తులూ కాదు, మధ్య దూరంలో ఉన్నవాళ్ల వల్లే ఉద్యోగం మారడం ఎక్కువగా జరిగింది. కారణం తేలికే. మన దగ్గరివాళ్లు తిరిగేదీ వినేదీ మనం తిరిగే చోటే, మనం వినేదే. మనం ఎప్పుడూ అడుగుపెట్టని గదుల్లో మాట్లాడుకునే మాటలు ఆ మధ్య దూరపు మనిషి చెవిన పడతాయి.

కాబట్టి షీట్‌లో ప్రతి పేరు పక్కనా మూడు కాలమ్‌లు పెట్టాను. చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, మనల్ని వాళ్లు ఏ పని ద్వారా ఎరుగుదురు, వాళ్లకు మాత్రమే తెలిసే విషయం ఏది. మూడో కాలమ్ నింపలేకపోతే ఆ మనిషికి మెసేజ్ పెట్టే వేళ ఇంకా రాలేదన్నమాట.

మొహమాటం అడ్డుపడేది ఇక్కడే. మూడేళ్లుగా పలకరించని మనిషిని ఇప్పుడు అవసరానికి ఎలా పలకరించడం అన్న ఆ ఇబ్బంది ప్రతివాళ్లకూ ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదని అందరికీ తెలిసినా వేలు మాత్రం సెండ్ బటన్ మీదకు పోదు. ఆ ఇబ్బంది పోగొట్టేది ధైర్యం కాదు, అడిగే విషయం మార్చడం. ‘ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి’ అన్న మెసేజ్ అవతలి మనిషి నెత్తిన పెద్ద బరువు పెడుతుంది. ఖాళీలు వాళ్లు వెతకాలి, మనకు ఏది సరిపోతుందో వాళ్లే ఊహించాలి, లేకపోతే లేదని చెప్పే కష్టం కూడా వాళ్లదే. అందుకే జవాబు రాదు. దాన్ని మన మీద అయిష్టంగా తీసుకోకూడదు, ప్రశ్నే జవాబు చెప్పలేనంత బరువుగా ఉంది. ఉద్యోగం అడగకుండా వాళ్లకు తెలిసిన సంగతి అడిగితే, రెండు నిమిషాల్లో సరే అనగలుగుతారు.

నాకు పనిచేసిన మెసేజ్ రూపం ఇలా ఉంటుంది:

‘నమస్తే అండీ. బిల్లింగ్ ప్రాజెక్టులో రిలీజ్ రాత్రి డేటా సరిచూసిన టీమ్‌లో ఉన్నాను, గుర్తుండే ఉంటాను. పోయిన నెల మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. పేమెంట్స్ వైపు వెళ్లాలని చూస్తున్నాను. మీరు రెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నారు కదా, కొత్తవాళ్లలో ఏం చూస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. ఈ వారంలో గానీ వచ్చే వారంలో గానీ ఒక 20 నిమిషాలు ఫోన్‌లో దొరుకుతారా? తీరిక లేకపోయినా పర్వాలేదండీ, ఏమీ అనుకోను.’

ఇందులో ఏ వాక్యం పని దానిది. మొదటిది మనల్ని గుర్తుకు తెస్తుంది. పేరు కంటే ఆ రిలీజ్ రాత్రే త్వరగా గుర్తొస్తుంది. రెండోది లేఆఫ్ సంగతి దాచకుండా, ఏడవకుండా చెప్పేస్తుంది. మూడు, నాలుగు వాక్యాలు వాళ్లనే ఎందుకు అడుగుతున్నామో చెబుతాయి. ఐదోది ఎంత సమయం కావాలో చెబుతుంది. చివరిది కాదనడానికి దారి ఇస్తుంది. దారి ఇచ్చినప్పుడే మనుషులు తేలిగ్గా అవునంటారు. బాగా చనువున్న చోట ‘అన్నా’, ‘అక్కా’ అని మొదలుపెట్టినా వరస మాత్రం ఇదే. ఈ మెసేజ్‌కి రెజ్యూమె తగిలించకండి. అది తగిలించగానే సంగతి అడిగినట్టు ఉండదు, అప్లికేషన్ పడేసినట్టు ఉంటుంది.

రోజుకు మూడు మెసేజ్‌లు, అంతకు మించి వద్దు. ఒకేసారి యాభై మందికి ఒకే మాటలు పంపితే రెండు రకాలుగా దెబ్బతింటాం. ఒకరికొకరు తెలిసినవాళ్లు ఆ మెసేజ్ పోల్చుకుంటారు. ఒకవేళ పదిహేను మంది ఒకేసారి పలికితే, ఏ ఫోన్‌కీ సిద్ధం కాలేక అన్నీ చెడగొట్టుకుంటాం. జవాబు రాకపోతే ఏడెనిమిది పని దినాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయాలి. ‘పైన పెట్టిన మెసేజ్ చూసే తీరిక దొరికిందాండీ? వచ్చే వారమైనా సరే’ అంటే చాలు. అప్పుడూ రాకపోతే ఆ వరుసకు బూడిద రంగు వేసి పక్కన పెట్టేయండి. మూడోసారి రాస్తే ఉన్న పరిచయం కూడా పోతుంది.

ఫోన్ కుదిరాక ఆ 20 నిమిషాలను గడియారం చూసి నడపాలి. మొదటి రెండు నిమిషాలు మన సంగతి. తర్వాత పదిహేను నిమిషాలు ప్రశ్నలు. మీ టీమ్ ఇప్పుడు దేంతో ఇబ్బంది పడుతోంది, ఈ మధ్య తీసుకున్నవాళ్లను ఎందుకు తీసుకున్నారు, నా రెజ్యూమె మీ మేనేజర్ చేతిలో పడితే మొదట ఏ లోటు కనిపిస్తుంది. ఈ మూడోది అడగడానికి మనసు ఒప్పుకోదు గానీ, నాకు ఎక్కువ మేలు చేసిన ప్రశ్న అదే. అడిగాక మధ్యలో అందుకుని మనల్ని మనం సమర్థించుకోకూడదు. అవతల కాసేపు మౌనం ఉంటుంది. ఆ మౌనాన్ని మనం నింపేస్తే మొహమాటపు జవాబు వస్తుంది, ఓపిక పడితే నిజం వస్తుంది. పద్దెనిమిదో నిమిషంలో ఆఖరి ప్రశ్న: ‘ఇంకా ఎవరితో మాట్లాడితే మంచిదంటారు?’ ఒక్క పేరు దొరికినా ఆ ఫోన్ ఫలించినట్టే. మన మొదటి జాబితా నెల తిరక్కుండా అయిపోతుంది, ఆ తర్వాత వెతుకులాటను నడిపేవి ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చిన పేర్లే. వాళ్లు ఇంకా మాట్లాడుతూ ఉన్నా సరే, ఇరవై నిమిషాలు అయ్యాయని మనమే గుర్తుచేయాలి. మాట ప్రకారం ముగించినవాళ్లను ఇంకొకరికి పరిచయం చేయడానికి ఎవరూ జంకరు.

అదే రోజు సాయంత్రం మూడు వాక్యాల కృతజ్ఞత. అందులో వాళ్లు చెప్పిన సలహా ఒకటి పేరుపెట్టి రాయాలి. మూడు వారాల తర్వాత, ఆ సలహా ప్రకారం ఏం చేశామో, ఏమైందో ఇంకో మెసేజ్. ఈ రెండోది దాదాపు ఎవరూ పంపరు. నా షీట్‌లో రిఫరల్‌గా మారిన వరుసలు చాలావరకు ఈ రెండో మెసేజ్ తర్వాతే కదిలాయి. తాము చెప్పిన మాట వృథా పోలేదని తెలిసిన మనిషి ఇంకో అడుగు వేస్తారు.

రిఫర్ చేస్తానన్న మనిషికి పని మిగల్చకూడదు. జాబ్ ఐడీ (ఆ ఖాళీకి కంపెనీ ఇచ్చిన నంబరు), లింకు, మన పేరుతో సేవ్ చేసిన పీడీఎఫ్ రెజ్యూమె, వాళ్లు యథాతథంగా ఫార్వర్డ్ చేయగలిగే నాలుగు వాక్యాలు, అన్నీ ఒకే మెయిల్‌లో ఉండాలి. ఆ నాలుగు వాక్యాలు వాళ్లు మాట్లాడుతున్నట్టుగా రాయాలి: ‘ఈ అభ్యర్థితో ఫలానా ప్రాజెక్టులో కలిసి పనిచేశాను, ఫలానా పని చూశాను.’ కలిసి పనిచేయని మనిషైతే అలా రాయకండి, ‘మాట్లాడాను, ఈ అనుభవం ఉంది’ అని మాత్రమే రాయండి. రెండు కాలమ్‌ల రెజ్యూమె, పట్టికలు, బొమ్మలు, స్టార్లతో నైపుణ్యాలు చూపించడం మానేయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ కాలమ్‌నూ కుడి కాలమ్‌నూ కలిపి చదివేసి, కంపెనీ పేరు ఒకచోట, తేదీలు ఇంకోచోట పడేస్తాయి. సరిచూసుకోవడం తేలిక. పీడీఎఫ్‌లోని మొత్తం అక్షరాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరస తప్పితే అవతలా తప్పొచ్చు.

ఎందుకు తీసేశారన్న ప్రశ్న ప్రతి ఫోన్‌లోనూ వస్తుంది. జవాబు రెండు వాక్యాలు దాటకూడదు: ‘కంపెనీ ఆ ప్రొడక్టు ఆపేసింది, మా టీమ్ మొత్తం వెళ్లాం. అక్కడ చివరగా నేను చూసిన పని ఇది.’ రెండో వాక్యం మాటను పనివైపు తిప్పుతుంది. పాత మేనేజర్ గురించి ఒక్క చెడ్డ మాట దొర్లినా, వినేవాళ్లు రేపు మన గురించి కూడా ఇలాగే చెబుతారేమో అనుకుంటారు. ఈ రెండు వాక్యాలు అద్దం ముందు కాదు, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. గొంతు ఎక్కడ పడిపోతోందో అద్దంలో కనపడదు, రికార్డులో వినపడుతుంది. గొంతు పడకుండా వచ్చేదాకా చెప్పుకోవాలి. నాకు పదిహేను సార్లకు పైనే పట్టింది.

ఆ గొంతు పడిపోవడం వెనక ఉన్న కోపాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. 1994లో అచ్చయిన ఒక ప్రయోగం దీని మీదే జరిగింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహచరులు ఉద్యోగం పోయిన 63 మంది నిపుణులను తీసుకున్నారు. అందులో ఒక జట్టు వరుసగా 5 రోజులు, రోజుకు 20 నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి తమ లోపల ఏముందో రాసింది. మరో జట్టు మామూలు విషయాలు రాసింది, ఇంకొకటి ఏమీ రాయలేదు. తర్వాతి నెలల్లో మొదటి జట్టువాళ్లకే త్వరగా ఉద్యోగాలు వచ్చాయి. వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ఉత్తరాలు రాయలేదు, ఎక్కువ ఫోన్లు చేయలేదు. తేడా ప్రయత్నాల సంఖ్యలో కాదు, ఆ ప్రయత్నం చేసే మనిషిలో వచ్చిందని నా నమ్మకం. నేను ఐదు రోజులూ కాగితం మీదే రాశాను. ఎవరికీ చూపించనక్కర్లేదు, అక్షర దోషాలు దిద్దక్కర్లేదు, 20 నిమిషాలకు అలారం మోగగానే ఆపేయాలి. మూడో రోజు రాసింది చాలా చేదుగా ఉంటుంది. అక్కడ మానేయకండి.

ఉత్సాహం నిలబెట్టుకోవడం అంటే నవ్వుతూ ఉండడమని అనుకుంటే త్వరగా అలసిపోతాం. నా మటుకు అది దినచర్య సంగతి. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మరియంతాల్ అనే ఊళ్లో నూలు మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోయింది. మారీ యహోడా అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి చూశారు. చేతినిండా ఖాళీ సమయమున్నా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. వీధిలో మగవాళ్లు ఎంత వేగంగా నడుస్తున్నారో కూడా వాళ్లు కొలిచారు. అడుగులు నెమ్మదించాయి, దారిలో ఊరికే ఆగిపోవడం పెరిగింది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక ఆకారం కూడా ఇస్తుందని, అది పోతే మనిషి లోపల ఏదో సడలిపోతుందని యహోడా తర్వాత రాసింది. ఆ ఆకారాన్ని మనమే తెచ్చుకోవాలి. వెతుకులాటకు పొద్దున మూడున్నర, నాలుగు గంటలు చాలు: మొదటి గంట ఆ రోజు మెసేజ్‌లు మూడు, తర్వాత గంటన్నర ఒకే ఒక్క అప్లికేషన్‌ను శ్రద్ధగా, మిగతాది ఇంటర్వ్యూ సాధన. మధ్యాహ్నం భోజనమయ్యాక జాబ్ పోర్టల్ తెరవకూడదు. రాత్రి పదకొండింటికి పడకలో ఫోన్ పట్టుకుని కొట్టే అప్లికేషన్లలోనే కంపెనీ పేరు తప్పు పడుతుంది.

ఇంకొక మార్పు నన్ను నిలబెట్టింది. రోజు చివర లెక్క వేసేటప్పుడు మన చేతిలో ఉన్నవాటినే లెక్కేయాలి. పంపిన మెసేజ్‌లు, మాట్లాడిన ఫోన్లు, సాధన చేసిన ప్రశ్నలు. ఇంటర్వ్యూ వచ్చిందా, జవాబు వచ్చిందా అన్నవి వేరే షీట్‌లో ఉండాలి, దాన్ని శుక్రవారం ఒక్కరోజే తెరవాలి. మౌనానికి మనకు కనపడని కారణాలు ఎన్నో ఉంటాయి. పోస్టు హోల్డ్‌లో పడి ఉండొచ్చు, లోపలివాళ్లకే ఇచ్చేసి ఉండొచ్చు, బడ్జెట్ సంతకం ఆగి ఉండొచ్చు, రిక్రూటరే ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు. వాటన్నిటినీ మన లోపాలుగా చదువుకుంటూ పోతే ఆరో వారానికి మెసేజ్ రాయడానికి చేయి రాదు.

ఇంట్లోవాళ్లు ప్రేమతో రోజూ అడిగే ‘ఏమైనా తెలిసిందా?’ అన్న మాట కూడా బరువే. కసురుకుంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఆదివారం సాయంత్రం అరగంట కూర్చుని వారమంతా ఏం జరిగిందో, చేతిలో ఉన్న డబ్బు ఇంకా ఎన్ని నెలలకు వస్తుందో అంతా విప్పి చెబుతానని మాటివ్వండి. ఆ మాట తప్పకుండా రెండు వారాలు నిలబెట్టుకుంటే రోజువారీ ప్రశ్న దానంతటదే ఆగిపోతుంది.

అదే లేఆఫ్‌లో బయటికొచ్చినవాళ్లు నలుగురైదుగురు కలిసి వారానికి ఒక గంట మాట్లాడుకోవడం చాలా మేలు. కానీ ఈ మాటలు పాత కంపెనీ మీద తిట్లుగా మారిపోవడం తరచూ జరిగేదే. మొదటి పది నిమిషాలు బాధకు ఇచ్చేసి, తర్వాత ఒకరికి మాక్ ఇంటర్వ్యూ (సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ), మిగిలిన సమయం తమకు సరిపోని ఖాళీలు పక్కవాళ్లకు ఇచ్చుకోవడం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయినవాళ్ల కోసం తయారుచేసిన జాబ్స్ అనే కార్యక్రమంలో ఒక అంశం ఉంది, మేమూ దాన్నే వాడుకున్నాం. రాబోయే ఎదురుదెబ్బను ముందే పేరుపెట్టి, అది తగిలిన రోజు ఏం చేస్తామో ముందే రాసుకోవడం. ‘ఆఖరి రౌండ్‌లో వద్దంటే, ఆ సాయంత్రం నడకకు వెళతాను, మర్నాడు పొద్దున ఇద్దరికి మెసేజ్ పెడతాను.’ ఇంత చిన్నదే. దెబ్బ తగిలినప్పుడు ఆలోచించే ఓపిక ఉండదు, అప్పుడు ఈ కాగితం పనికొస్తుంది.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఆఖరి రౌండ్ దగ్గర జరుగుతుంది. ‘దాదాపు అయిపోయినట్టే’ అని హెచ్‌ఆర్ అనగానే మెసేజ్‌లు ఆపేస్తాం, మిగతా ఇంటర్వ్యూలు వాయిదా వేస్తాం. మూడు వారాలు గడిచి ఆ పోస్టు రద్దయితే సున్నా నుంచి మొదలుపెట్టాలి, అదీ విరిగిన మనసుతో. జీతం, చేరే తేదీ రాసి ఉన్న ఆఫర్ లెటర్ మీద సంతకాలు పడేదాకా రోజువారీ మూడు మెసేజ్‌లు ఆగకూడదు, కనీసం మూడు చోట్ల మాటలు నడుస్తూ ఉండాలి. ఈ దశలోనే మోసగాళ్లూ తగులుతారు. చేరడానికి ముందు డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో, లాప్‌టాప్ పంపడానికి అనో డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు.

చేరిన మొదటి వారంలోనే షీట్ తెరిచి, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాయండి: ఎక్కడ చేరాను, మీరు చెప్పినవాటిలో నాకు పనికొచ్చింది ఇది. జవాబివ్వని బూడిద రంగు వరుసలకు కూడా ఒక చిన్న పలకరింపు, ఏమీ అడగకుండా. ఆ తర్వాత షీట్‌ను చెరిపేయకుండా ఇంకో కాలమ్ కలిపాను, ‘వీళ్లకు నేను ఏం చేయగలను’ అని. ప్రస్తుతం అందులో పదకొండు గళ్లు నిండాయి. మొదటి గడిలో ఉన్నది మా పాత టీమ్‌లో ఇంకా వెతుకుతున్న మనిషి పేరు, పక్కన మా కొత్త కంపెనీలో ఒక జాబ్ ఐడీ.